నీళ్లు పడని తుపాకి

మా చుట్టుపక్కల ఊళ్లలో తుపాకి గురించి నాకు తెలిసినంత మరొకరికి తెలియదు. ఇది నేను చెప్పుకునే మాట కాదు. నేను చెప్పగా విని జనం చెప్పుకునే మాట. గొట్టం ముక్కు దగ్గర పెట్టుకుని ఒక్కసారి పీల్చానంటే అది ఎప్పుడు పేలిందో, ఏ జంతువు మీద పేలిందో, ఆ జంతువు దెబ్బ తిని పడిందో, నవ్వుకుంటూ పోయిందో చెప్పేస్తాను. వయసులో ఉన్నప్పుడు ఎగిరే కొంగను చూపించి, ఎడమ కన్నా కుడి కన్నా అని అడిగి మరీ కొట్టేవాణ్ణి. అందుకే సుంకన్న తుపాకికి చిక్కు వచ్చిపడినప్పుడు అతను వేరే ఎవరి దగ్గరికీ పోకుండా నేరుగా మా అరుగు మీదికి వచ్చాడు.

సుంకన్న నాకు వరసకు కొడుకు. అతనిది కొండవార చేను. ఏటా శెనక్కాయ వేస్తాడు. కొండలో అడవి పందులు ఉన్నాయి. కాయ గట్టిపడే వేళకు అవి దిగుతాయి. పోయినేడు చేనంతా మూతులతో దున్ని, కాయలన్నీ తిని, ఆకు మాత్రం మర్యాదగా రైతుకు వదిలిపెట్టి పోయాయి. ఈ ఏడు విత్తనం వేసిన రోజే సుంకన్న భార్య దస్తగిరమ్మ ఒక మాట చెప్పింది.

"ఈసారి కూడా పందులకే పండిస్తే నేను బెంగుళూరికి మట్టి పనికి పోతా. నువ్వు వాటికి తోడుగా ఈడనే ఉండు."

చెప్పి ఊరుకోలేదు. బట్టలు మూటగట్టి వాకిలి పక్కనే పెట్టింది. సుంకన్న ఇంట్లోకి పోవాలన్నా, బయటికి రావాలన్నా ఆ మూట దాటాల్సిందే.

పంట కాపలాకని వాళ్ల నాయన కాలం నుంచి లైసెన్సున్న రైఫిలు ఒకటి సుంకన్నకు ఉంది. రైఫిలు గొట్టం లోపల మరచుట్టులాగా గాళ్లు ఉంటాయి. గుండు ఆ గాళ్లలో తిరిగి తిరిగి బయటికి వస్తుంది కాబట్టి తిన్నగా పోతుంది. సుంకన్న నాయన ఒక వానాకాలం ఆ తుపాకిని బోదగడ్డి కొట్టం కప్పులో దాచాడు. లోపల తుప్పు పట్టి గుంతలు పడ్డాయి. అప్పటినుంచి నాలుగు గుండ్లు పేల్చగానే మసీ సీసమూ ఆ గరుకును పట్టుకుని, పాలు మాడిన గిన్నె అడుగులా పేరుకుపోయేవి. ఆ తర్వాత గుండు ఎటు పోవాలన్నది గుండు ఇష్టం. తూర్పున పందికి గురిపెడితే ఉత్తరాన తంగేడు పూలు రాలేవి. పందులు పారిపోకుండా నిలబడి, ఈసారి ఎటు పోతుందా అని చూసేవి.

దానికి మందు లేకపోలేదు. గొట్టానికి సరిగ్గా సరిపోయేటట్టు ఒక సీసం ముద్ద పోసి, దానికి నూనె, సన్నటి సానపొడి పట్టించి, లోపల ముందుకూ వెనక్కూ లాగుతూ ఉంటే గరుకు అణుగుతుంది. గరుకు పోతే మసి పట్టదు. అయితే ఎక్కడ ఆపాలో తెలియాలి. గరుకు పోవాలి గానీ గాడి పోకూడదు. ఈ రెంటికీ తేడా తెలియక మనుషులే పాడైపోతున్నారు, తుపాకి ఎంత.

ఆ పని చేయిద్దాం అనుకునేలోగా ఎన్నికలు వచ్చాయి. ఎన్నికలు వస్తే లైసెన్సు తుపాకులన్నీ స్టేషనులో అప్పజెప్పాలి. సుంకన్న అప్పజెప్పాడు. ఎన్నికలయ్యాయి, గెలిచినవాళ్లు గెలిచారు, ఓడినవాళ్లు గెలిచినవాళ్లలో కలిశారు. శెనక్కాయ ఊడలు దిగింది. తుపాకి మాత్రం రాలేదు. నన్ను వెంటబెట్టుకుని సుంకన్న స్టేషనుకు పోయాడు.

ఎస్సై గారు మంచివాడే. కూర్చోబెట్టి, బల్ల మీదున్న కాగితం తీసి చదివి వినిపించాడు.

"'లోపలి భాగము గరుకుగానున్న ఆయుధములందు మలినము పేరుకొని ప్రమాదము సంభవించు అవకాశము కలదు గావున, అట్టి వాటి బోరును నునుపు చేయించి, బోర్లకు సంబంధించిన శాఖ వారి ధ్రువీకరణ పొందిన పిదప మాత్రమే యజమానులకు అప్పగించవలెను.' విన్నారు కదా."

"బోరంటే గొట్టం లోపలి బొక్కే గదా సార్," అన్నాను. "మీ తుపాకుల మేస్త్రీ ఒక పూట కూచుంటే అయిపోతాది."

"అయిపోతాది. నాకు తెలీదా పెద్దాయనా. కానీ మేం చేయాల్సిందైతే 'మీ శాఖ' అని రాసేవాళ్లు. 'బోర్లకు సంబంధించిన శాఖ' అని రాసినారు. అంటే మేం కాదని ఖాయం. ఇప్పుడు చెప్పండి, ఈ తాలూకాలో బోర్లకు సంబంధించిన శాఖ ఏది?"

నేను ఆలోచిస్తుండగా పక్కనే నిలబడిన కానిస్టేబులు మస్తాన్ జవాబు చెప్పాడు.

"బోర్లాఫీసు సార్. బస్టాండు ఎనకాల ఉండాది. మా ఊర్లో చేతిపంపు వాళ్లే ఏసినారు."

"చూశారా," అన్నాడు ఎస్సై గారు నావైపు తిరిగి, ఏదో నేనే చెప్పినట్టు. "శాఖ దొరికింది. ఇక మీ ఇష్టం."

"సార్, ఆడ నీళ్ల బోర్లు చూస్తారు," అన్నాడు సుంకన్న.

"ఉత్తర్వులో నీళ్లని లేదు, నిప్పని లేదు. బోరని ఉంది. నీ చేను ఎట్లుంది?"

"పందులు గట్టు దాకా వస్తాండాయి సార్."

"అయితే తొందరగా పో."

ధ్రువీకరణ లేకుండా తుపాకిని యజమాని తాకకూడదట. అందుకని మస్తాన్ దాన్ని గోనెసంచిలో చుట్టి భుజాన వేసుకున్నాడు. ముగ్గురం బజారులో నడిచాం. ఎవరైనా అడిగితే చెరుకు గడ అని చెప్పాడు మస్తాన్. ఒకాయన బేరం కూడా ఆడాడు.

బోర్లాఫీసు ముందు బోర్లు వేసే లారీ ఒకటి నిలబడి ఉంది. ఏళ్ల తరబడి రాళ్లు తొలిచిన పిండి ఆఫీసంతా పరుచుకుని ఉంది. బల్లల మీద, కాగితాల మీద, గుమాస్తాల కనుబొమ్మల మీద కూడా. ఇంజినీరు ప్రభంజనరావు గారు తల వంచి రాసుకుంటున్నాడు. తల ఎత్తకుండానే మొదలుపెట్టాడు.

"కొత్తదా, పాతదా?"

"మా నాయన కాలందండి," అన్నాడు సుంకన్న.

"లోతు?"

సుంకన్న నావైపు చూశాడు. నేను గాలిలో జానలు వేసి చూశాను. "రెండడుగుల చిల్లర ఉంటాది సార్."

"రెండు వందలా?"

"రెండే సార్."

"అంత పైనే ఆపేస్తే ఎట్లా అయ్యా. మీ రైతులతో ఇదే ఇబ్బంది. కేసింగు ఏం వేశారు?"

"కొయ్యది సార్."

"కొయ్యా? సరే. మోటారు ఉందా?"

"లేదు సార్. చేత్తోనే."

"చేతి బోరు. నీళ్లు ఎంత పడ్డాయి?"

"ఒక్క చుక్క కూడా పడలేదు సార్. ఎప్పుడూ పడలేదు."

"లోపల గరుకా?"

"గరుకే సార్," అన్నాడు సుంకన్న సంతోషంగా. తనకు అర్థమైన ప్రశ్న అదొక్కటే.

రాసింది రాసి, దాని మీద నంబరు వేసి, ముద్ర కొట్టి, అప్పుడు తల ఎత్తాడు ప్రభంజనరావు గారు. అప్పటికే మస్తాన్ గోనెసంచి విప్పేశాడు. ఇంజినీరు గారు కనబడలేదు. కాసేపటికి బల్ల కిందినుంచి గొంతు వినబడింది.

"ఏందది?"

"బోరు సార్," అన్నాడు మస్తాన్. వంగి, ఉత్తర్వు కాగితం బల్ల కిందికి అందించాడు.

బల్ల కిందే చదువుకున్నట్టున్నాడు. మోకాళ్లు దులుపుకుంటూ లేచాడు. మనిషి మారిపోయాడు. భయం పోయి నిబంధన వచ్చింది ముఖంలోకి.

"నంబరు పడకముందు చెప్పి ఉంటే ఇది తుపాకి," అన్నాడు గంభీరంగా. "నంబరు పడిన దరిమిలా శాఖాపరంగా ఇది బోరు. బోరుగా దీనికి జరగవలసిన న్యాయం సమగ్రంగా జరుగుతుంది. ముందు ఇందులో గుండు లేదని ఎవరైనా చూడండి."

సుంకన్న నన్ను చూశాడు. మస్తాన్ నన్ను చూశాడు. సరిగ్గా అప్పుడే నాకు బయట ఏదో పనున్నట్టు గుర్తొచ్చింది.

చదివేవాళ్లకు ఇక్కడ ఒక చిన్న సవరణ. పైన కొంగ కన్ను గురించి రాశాను. కొంగా లేదు, కన్నూ లేదు. నేను పుట్టి బుద్ధెరిగాక తుపాకి పేల్చింది ఒక్కసారే, అదీ చెట్టునున్న బొప్పాయి కాయ మీద. దెబ్బకు వెనక్కి పడి దవడ వాచింది నాకు. బొప్పాయికి ఏమీ కాలేదు. తర్వాత అది పండి తనంతట తాను రాలితే నా ఖాతాలో వేసుకున్నాను. ఇక వాసన విద్య మాత్రం పూర్తిగా అబద్ధం కాదు. మసి వాసన వస్తే మసి అని చెప్పగలను.

మస్తాన్ చూశాడు. గుండు లేదు. పని మొదలైంది.

బోరు కనబడితే ఆ శాఖవాళ్లు మొట్టమొదట చేసేది లోతు కొలవడం. తాడుకు సీసం గుండు కట్టి లోపలికి దింపుతారు. వాళ్ల దగ్గరున్న గుండ్లు బత్తాయికాయ అంత ఉన్నాయి, రైఫిలు గొట్టంలో పట్టవు. అందుకని ఒకదాన్ని కరిగించి, ఆ గొట్టంలోనే ఒక చివర పోసి, సరిగ్గా దాని కొలతకు అచ్చు తీశారు. ఇరుక్కోకుండా నూనె రాశారు. తాడుకు, గుండుకు, రాసినవాళ్ల చేతులకు ఆఫీసులోని రాతిపిండి ఎటూ ఉంది. ప్రభంజనరావు గారు గుండు దింపి లాగాడు. నమ్మకం కుదరక మళ్లీ దింపి మళ్లీ లాగాడు.

నేను సుంకన్నను మోచేత్తో పొడిచాను.

"ఏం చిన్నాయనా?"

"మాట్లాడగాకు. కొలవనీ."

గరుకు తీయడానికి కావలసినవి సీసం ముద్ద, నూనె, సానపొడి, ఓపిక. మూడు ఎదురుగా ఉన్నాయి. నాలుగోది ప్రభుత్వం దగ్గర ఉన్నంత ఇంకెవరి దగ్గరా ఉండదు. ఇంజినీరు గారి కొలతను ఆయన పై అధికారి వచ్చి సరిచూశాడు. పై అధికారి కొలత కింది అధికారి కొలతతో కలవకూడదు. కలిస్తే పై అధికారి ఎందుకు? కలవలేదు గనుక ఆ పైవాడు వచ్చాడు. ఒక్కొక్కరు రావడం, గుండు నూనెలో ముంచడం, దింపడం, లాగడం, పెదవి విరవడం. ఆ వారమంతా మా తుపాకికి ఊపిరాడలేదు.

అవతల చేను దగ్గర దస్తగిరమ్మ పాత నూనె డబ్బా కొడుతూ కూర్చుంది. పందులు మొదట డబ్బాకు బెదిరాయి. తర్వాత దానికి అడుగులు కలిపాయి.

"తుపాకి యాడుంది మామా?" అని అడిగింది నన్ను.

"కొలుస్తాండారమ్మా."

"కొలిచేకి అదేమన్నా పట్టుబట్టనా?"

"పని జరుగుతాంది. నువ్వు ఇంకొన్నాళ్లు డబ్బా కొట్టు."

"కొడతా. డబ్బా సొట్ట పోయిందా, మూట నెత్తికెత్తుకుంటా. మీ చిన్నోనికి చెప్పు."

డబ్బా ఇంకా గుండ్రంగా ఉండగానే బోర్లాఫీసు నుంచి కబురొచ్చింది. పోయి చూస్తే, నేను అబద్ధమాడితే నన్నడగండి, గొట్టం లోపల అద్దం. వెలుతురుకేసి పెట్టి చూస్తే గాళ్లు గాళ్లుగానే ఉన్నాయి, గుంతలు మాత్రం లేవు. బట్ట దూర్చి లాగితే తెల్లగా వచ్చింది. ఎవరూ చేయాలనుకోకుండానే పని అయిపోయింది. ప్రభుత్వ పనులు చాలావరకు అట్లాగే అవుతాయి.

సుంకన్న చేతులు జోడించాడు. "ఇప్పించండి సార్. పోతా."

"నునుపు విషయమై ధ్రువీకరించడమైనది," అన్నాడు ప్రభంజనరావు గారు. "అయితే క్షేత్రస్థాయి పరిశీలనలో ఒక విషయం మా దృష్టికి వచ్చింది. ఇందులో నీటి జాడ లేదు. ఇది విఫలమైన బోరు."

"తుపాకిలో నీళ్లు యాల ఉంటాయి సార్?"

"ఎందుకు లేవు అనేది భూగర్భానికి సంబంధించిన విషయం. నాకు సంబంధించింది నిబంధన. నీళ్లు పడని బోరును నోరు తెరిచి వదిలేయకూడదు. పిల్లలు పడిపోతారు."

సుంకన్న తన బొటనవేలు గొట్టం మూతికి పెట్టి చూపించాడు. వేలే పట్టలేదు.

"నిబంధనలో పిల్లల కొలత లేదు," అన్నాడు ఇంజినీరు గారు. "రేపు సిమెంటుతో మూత బిగించి అప్పగిస్తాం."

"మూత బిగిస్తే గుండు ఎట్ల బయటికొస్తాది సార్?"

"బోరులోంచి గుండు రావడం శాఖ ఆమోదించదు. బోరులోంచి రావలసింది నీరు."

సుంకన్న బయటికొచ్చి ఆఫీసు మెట్ల మీద కూలబడ్డాడు. "మూటెత్తుకుంటాది చిన్నాయనా," అన్నాడు. గట్టిగా ఏడ్చినా నాకు అంత బాధ కలిగేది కాదు.

మర్నాడు మూత బిగించే మేస్త్రీ కంటే ముందే పోయాను. తుపాకి మూలన గోడకు నిలబెట్టి ఉంది, మూతి పైకి. వెనక గడియ బిగించే ఉంది. ఆఫీసువాళ్లు తాగే కుండలోంచి చెంబెడు నీళ్లు ముంచి, గొంతుదాకా పోశాను. తర్వాత ఇంజినీరు గారి దగ్గరికి పోయి, మూత వేసేముందు ఆఖరిసారి ఒక్కసారి కొలవండి సార్, చచ్చినవాణ్ణి కూడా కాటికి మోసేముందు చెవిలో పిలిచి చూస్తారు గదా అన్నాను.

ఆయన గుండు దింపాడు. లాగాడు. తాడు తడిగా ఉంది.

తాడును వేళ్లతో నలిపి చూశాడు. వాసన చూశాడు. నాలుక మీద వేసుకున్నాడు.

"తియ్యటి నీళ్లు," అన్నాడు. "నీటిమట్టం మూతి దాకా ఉంది. రెండడుగుల్లో."

మా సీమ సంగతి మీకు తెలియంది కాదు. వెయ్యి అడుగులు తొలిచినా పొగ తప్ప ఏమీ రాని నేల. అటువంటి చోట రెండడుగుల్లో తియ్యటి నీళ్లు. ఆ ఆఫీసులో పాతికేళ్లుగా పిండి పీల్చినవాళ్లు ఒకరినొకరు పట్టుకుని నిలబడ్డారు. ఒకాయన టెంకాయ కొట్టాడు.

జిల్లానుంచి ఉప సంచాలకులు మందాకిని గారు వచ్చింది. పేరులోనే నీళ్లున్న మనిషి. తుపాకిలోకి తొంగి చూసి, నాలుగు రకాలుగా ఆలోచించి, అందరూ రాసుకునేటట్టు నిదానంగా సెలవిచ్చింది.

"ఈ బోరుకూ ఇతర బోర్లకూ గల వ్యత్యాసం ఏమిటి? లోతు కాదు, లోతు లేనే లేదు. స్థలం కాదు, ఇది గోడ మూలన ఉంది. ఒకే ఒక్క వ్యత్యాసం నునుపు. గరుకుగా ఉన్నన్నాళ్లు చుక్క పడలేదు. నునుపు చేయగానే పడింది. ఇన్నాళ్లూ మనం లోతు కోసం పాకులాడి నునుపును నిర్లక్ష్యం చేశాం. ఈ లోపాన్ని యుద్ధప్రాతిపదికన సవరించవలసి ఉంది."

అట్లా పుట్టింది బోరు నునుపు వారోత్సవం. జిల్లాలోని ఎండిన బోర్లన్నింటినీ లోపల రుద్ది నునుపు చేయాలని ఆదేశాలు వెళ్లాయి. వెదుళ్లు ఒకదానికొకటి కట్టి, చివర పాత చీరలు చుట్టి, ఆముదంలో ముంచి దింపారు. బడిపిల్లలు "నునుపే నీరు, గరుకే కరువు" అని అరుస్తూ వీధులు తిరిగారు. పక్క ఊళ్లో వెదుళ్ల కట్ట బోరులో జారిపోతే దాన్ని తీయడానికి ఇంకో కట్ట దింపి, అదీ జారిపోతే, రెండూ బాగా నునుపయ్యాయని రాసి పంపారు. ఇంకో ఊళ్లో ఆముదం ఎక్కువై కప్పలు బోరు మూతి మీద నిలబడలేక జారి, మొక్కు తీర్చుకునే భక్తుల్లా పొర్లుదండాలు పెట్టాయి. ప్రతిచోటా మందాకిని గారు ప్రసంగించింది. ఆ ప్రసంగం కూడా బోరే. దాన్ని నునుపు చేసే శాఖ ఇంకా ఏర్పడలేదు.

ఈ సందట్లో సుంకన్న మళ్లీ అడిగాడు. "నీళ్లు పడినాయి గదా సార్. ఇంక మూత వద్దు గదా. ఇచ్చేయండి."

"విజయవంతమైన బోరును చేతికి ఇవ్వడం ఎక్కడైనా ఉందా?" అన్నాడు ప్రభంజనరావు గారు. "బోరు రైతు చేనులో ఉండాలి. అక్కడ ప్రతిష్ఠించి ఇస్తాం."

అన్నంత పనీ చేశారు. శెనక్కాయ చేను నడుమ సిమెంటు దిమ్మె కట్టి, కొయ్యవైపు అందులో పాతి, గొట్టం ఆకాశానికి నిలబెట్టారు. నీలిరంగు పూశారు. చుట్టూ ముళ్లకంచె వేశారు. సుంకన్న పోయి ఎస్సై గారితో మొరపెట్టుకున్నాడు. ఆయన తలుపు దాకా వచ్చి ఓదార్చాడు.

"సుంకన్నా, అది తుపాకి అయితే మా పరిధి. అది నీ చేనులో కదలకుండా నీళ్లతో నిలబడి ఉంది. అటువంటిదాన్ని నేను తుపాకి అంటే నన్ను పిచ్చాసుపత్రికి పంపుతారు."

దానికి నీళ్లెక్కడివని అడుగుతారేమో. పొద్దున్నే దస్తగిరమ్మ ఊరి కొళాయి దగ్గర వరసలో నిలబడి, చెంబు నింపుకుని, చేను దాకా మోసుకొచ్చి పోసేది.

"ఏం పని మీద పోతాండావమ్మా?" అని ఎవరైనా అడిగితే, "మా బోరుకు దప్పికంట, నీళ్లు పోసొస్తా," అనేది.

ఇక మొదలయ్యాయి తనిఖీలు. రెండడుగుల బోరును చూడటానికి ఏ జిల్లావాళ్లు రాలేదని అడగండి. పొద్దున జీపులు, మధ్యాహ్నం జీపులు. షామియానా ఒకటి వేసి తీయడం మానేశారు. బ్యాటరీ మైకు పెట్టెలు కొండకేసి తిప్పి కట్టారు. వచ్చినవాళ్లు ముందు గుండు దింపి లోతు కొలిచేవాళ్లు, తర్వాత మైకులో నునుపు గురించి మాట్లాడేవాళ్లు, తర్వాత విస్తర్లు వేసుకుని భోంచేసేవాళ్లు. దస్తగిరమ్మ డబ్బా పక్కన పెట్టేసింది. మైకు ముందు డబ్బా ఏపాటిది.

ప్రారంభోత్సవం రోజు జనం కొండెక్కి కూర్చుని చూశారు. మందాకిని గారు రిబ్బను కత్తిరించి, "మీట ఏది?" అని అడిగింది. ప్రభంజనరావు గారు ట్రిగ్గరు చూపించాడు. మస్తాన్ ఒక్కడే నాలుగడుగులు వెనక్కి జరిగాడు. గుండు లేదని అతనికీ తెలుసు, కానీ అలవాటు పోదు. ఆమె ట్రిగ్గరు నొక్కింది. టిక్ మంది. ఏమీ రాలేదు.

అందరూ గొట్టం మూతి వైపు చూస్తున్నారు. ఆమె మళ్లీ నొక్కింది. ఏమీ రాలేదు. సుంకన్న కళ్లు మూసుకున్నాడు. అప్పుడు ఆమె తల పంకించి, మైకులో అంది.

"కరెంటు లేదు."

అంత జనంలో ఒక్కడు కూడా ఆశ్చర్యపోలేదు. అవును, పొద్దుటినుంచీ లేదు, అన్నారు కొండ మీదివాళ్లు. అంతా చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు, ఆ మైకు, ఆ జీపుల హారన్లు అన్నీ కలిసి ఒక్కసారి మోగేసరికి కొండ మీదున్న పందులన్నీ లేచాయి. పిల్లల్ని ముందు నడిపించుకుని, ముసలి పందిని నడుమ పెట్టుకుని, వెనక్కి తిరిగి చూడకుండా వరసగా కొండ దాటి పక్క జిల్లాకు వలస పోయాయి.

శెనక్కాయ పెరికారు. అంత నిండు కాపు ఆ చేనులో నేను చూడలేదు. చెట్టు చెట్టుకూ గుత్తులు. కుప్ప వేసిన సాయంత్రం దస్తగిరమ్మ వాకిట్లో మూట విప్పి, చీరలు దులిపి దండెం మీద ఆరేసింది. సుంకన్న ఆ దారిలో ఊరికే రెండు మూడుసార్లు లోపలికీ బయటికీ తిరిగాడు.

తర్వాత ఒకరోజు ఎస్సై గారు చేను దగ్గరికి వచ్చాడు. వారోత్సవం చల్లారింది. జిల్లాలో ఒక్క బోరులోనూ నీళ్లు పడకపోతే, నునుపు చాలలేదని తేల్చి, మందాకిని గారిని పెద్ద హోదాలో వేరే శాఖకు పంపారు. ఎస్సై గారు గొట్టంలోకి తొంగి చూశాడు. రోజూ నీళ్లు పోస్తే ఇనుము ఏమవుతుంది? లోపలంతా తుప్పు.

"ఇది మళ్లీ గరుకైంది సుంకన్నా," అన్నాడు విచారంగా. "ఇట్లా ఉంటే నీకివ్వకూడదు. బోర్లాఫీసుకు పంపించమంటావా?"

"పంపించండి సార్," అంది దస్తగిరమ్మ, మొగుడు నోరు తెరిచేలోగా. "వచ్చే ఏడు విత్తనమేసినాక పంపించండి. కాయ గట్టిపడే యాళకు వాళ్లు ఈడుండాల."

కథ ఇంతే. చదివినవాళ్లకు ఇందులో ఏది నిజం, ఏది ముసలాడి కోత అని అనుమానం ఉంటుంది. తుపాకికి నంబరు వేయడం, విఫలమైన బోరనడం, తడి తాడు నాకి చూడటం, కరెంటు లేదనడం, వీటిలో ఒక్కటి కూడా నాది కాదు. అంత తెలివి నాకు లేదు. నేను కల్పించింది పందుల వలస ఒక్కటే.

అవి ఎక్కడికీ పోలేదు. చేను పక్క వంకలోనే ఉన్నాయి. రోజూ జీపులు కదలగానే వచ్చి, విస్తర్లలో మిగిలిన పలావు, పెరుగన్నం, వడ ముక్కలు తినేవి. ఆ రుచి మరిగాక మట్టి తవ్వుకుని పచ్చి శెనక్కాయ తినాల్సిన ఖర్మ వాటికేం పట్టింది? చేను మిగిలింది అందువల్ల. మొన్న అటువైపు పోతే పెద్ద పంది ఒకటి గట్టు మీద నిలబడి రోడ్డు వైపే చూస్తోంది. నన్ను చూసి కదల్లేదు. మా ఊరికి అధికారులు రావాలని అంత ఓపికగా ఎదురుచూసిన ప్రాణిని నేనింతవరకు చూడలేదు.